నాయనమ్మ వీపు మీద నీలం గీత

నా చిన్నప్పుడు ఒక చలికాలంలో, మెట్టుగూడలోని మా ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషీ మా నాయనమ్మ నడుమును జానలతో కొలిచి పోయింది. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు చలి మొదలైన కొత్తలో నాయనమ్మకు ఎడమ పక్కటెముకల కింద మంట పుట్టింది. చలికి ఒళ్లు పగిలిందనుకుని కొబ్బరినూనె రాసుకుని, మీద శాలువా చుట్టుకుని కూర్చుంది. చూపించమంటే కసురుకునేది. చివరికి రవిక తగిలితేనే కేక పెట్టే దాకా వచ్చాక మా అమ్మ బలవంతంగా శాలువా తీయించింది. వెన్నుపూస దగ్గర మొదలై బొడ్డు వైపు పాకిన ఎర్రటి పట్టీ, దాని నిండా నీటి పొక్కులు. మా ఇళ్లలో దాన్ని అక్కి అంటారు, సర్పి అని కూడా అంటారు. అది నడుము చుట్టూ తిరిగొచ్చి తలా తోకా కలిశాయంటే ఇక మనిషి దక్కదని అందరి నమ్మకం.

అందుకే ఆ కొలతలు. పరామర్శకు వచ్చినవాళ్లు నాయనమ్మను అటు తిప్పి ఇటు తిప్పి, మిగిలిన ఖాళీ మీద జాన పెట్టి, "ఇంక రెండు జానలే ఉన్నది వదినా" అని నిట్టూర్చి, అమ్మ ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయేవారు. ఒకామె చెయ్యి పెద్దది, ఇంకొకామెది చిన్నది. పెద్ద చెయ్యి వచ్చిన రోజు అక్కి దగ్గరికి వచ్చేసేది, చిన్న చెయ్యి వచ్చిన రోజు దూరం జరిగేది. ఈ మాత్రం లెక్క పిల్లనైన నాకే తెలిసింది, వాళ్లకెవరికీ తట్టలేదు.

మా నాన్న కుమ్మరాయనను పిలిపించి పొక్కుల మీద ఎర్రమట్టి జాజుతో సింహం బొమ్మ రాయించాడు. సింహాన్ని చూసి అక్కి భయపడుతుందట. ఆ సింహం నా కంటికి బాగా మేసిన పిల్లిలా ఉంది. జాజు ఆరి బిగుసుకునేసరికి నాయనమ్మ బాధ రెట్టింపయింది. ఆమె అన్నం మానేసింది. పోయేదానికి తిండి దండగ అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఒక సాయంత్రం నన్ను పిలిచి, తన వక్కల సంచి నా చేతిలో పెట్టింది. ఆ సంచి ఎవరు ముట్టుకున్నా ఊరుకునేది కాదు. అది నా చేతిలోకి వచ్చాక గానీ నాయనమ్మ నిజంగానే చచ్చిపోవడానికి సిద్ధమైందని నాకు అర్థం కాలేదు. నేను పెరట్లోకి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాను.

పక్కింటి అక్క గోడ మీంచి నన్ను చూసింది. వాళ్లు కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు. అక్క అప్పుడు నర్సు పని నేర్చుకుంటోంది. సంగతి విని వెంటనే వచ్చింది. వస్తూనే నాకు ఆటలమ్మ పోసిందా అని అమ్మను అడిగింది. పోయినేడే పోసిందని చెబితే, అయితే నేను దగ్గరుండవచ్చంది. పొక్కులు ఎండే దాకా చంటిపిల్లలను మాత్రం రానివ్వొద్దంది. చల్లని శుభ్రమైన నీళ్లతో జాజంతా మెల్లగా కడిగింది. తరువాత తన దగ్గరున్న నీలం మందులో పుల్లకు చుట్టిన దూది ముంచి, వెన్ను మధ్యగా మెడ నుంచి నడుము దాకా ఒక గీత, ముందు వైపు బొడ్డు మీదుగా ఇంకో గీత గీసింది.

"మామ్మగారూ, ఇది ఈ గీత దాటదండి. రోజూ పొద్దున్నే మీ మనవరాలు చూసి చెబుతుంది. దాటిందంటే నన్ను పిలవండి, నేనూ మీ పక్కన కూర్చుని ఏడుస్తాను."

"ఏం మంత్రం ఏసినవే పిల్లా?" అని నాయనమ్మ అనుమానంగా అడిగింది.

మంత్రం కాదని అక్క నవ్వింది. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మే ఒంట్లోంచి పోకుండా నరంలో నిద్రపోయి, వయసు మీద పడ్డాక ఇలా లేస్తుందట. ఆ నరం వెన్ను దగ్గర బయలుదేరి ఒక పక్కగా వచ్చి బొడ్డు దగ్గరే ఆగిపోతుంది. అందుకే పొక్కులూ ఆ పక్కనే ఉండిపోతాయి. గీత ఆపడానికి కాదు, చూసుకోవడానికి.

"గన్నేండ్లు నా ఒంట్లనే కూసున్నదా?" అని నాయనమ్మ మండిపడింది. "దానికి తిండి సుత నేనే పెట్టిన గదనే!"

రోజూ పొద్దున్నే నేను చూసేదాన్ని. ఒకసారి గీత పక్కనే ఒక పొక్కు కనబడితే వంగి రెండుసార్లు చూశాను. మరునాటికి అది అక్కడే ఎండిపోయింది. "దాటలే నాయనమ్మా" అంటే, "మంచిగ సూడు" అనేది. మళ్లీ చూసి మళ్లీ అదే చెప్పేదాన్ని. అలా కొన్నాళ్లకు ఒకరోజు దాటలేదని చెబితే ఆమె మళ్లీ చూడమనలేదు. గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"నా వక్కల సంచి ఏడ పెట్టినవే? ఇటు దే."

అంత సంతోషంగా నేను ఏ వస్తువూ ఎవరికీ తిరిగి ఇవ్వలేదు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. పొక్కులు రాలిపోయినా మంట మాత్రం ఎండాకాలం దాకా ఉండిపోయింది. రవిక వేసుకోలేక నాయనమ్మ మూలుగుతూ గడిపింది. రాని చావు చూపించి భయపెట్టిన వాళ్లలో ఒక్కరూ ఆ వచ్చిన బాధ చూడటానికి రాలేదు.

ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్న నాకు ఆనాటి నాయనమ్మ కంటే వయసు ఎక్కువ. ఈ రోజుల్లో పొక్కులు కనబడిన రెండు మూడు రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి వెళితే మందుంది. అసలు రాకుండా చాలావరకు కాపాడే టీకా కూడా ఉంది. డాక్టర్ని అడిగి నేను దాని రెండు డోసులూ వేయించుకున్నాను. చెయ్యి కాస్త నొప్పి పుట్టి తగ్గింది. మా ఆయనకు షుగర్ ఉంది, ఆయనకు మరింత అవసరమని డాక్టరే చెప్పారు. ఆయన మాత్రం, "నాకు చిన్నప్పుడే ఆటలమ్మ పోసింది, ఇగ నాకేం రాదు" అంటాడు. అది పోసింది కాబట్టే ఇది రావచ్చని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. పార్కులో ఆయనతో నడిచే పెద్దమనుషులు ఫోన్లో చూసి వెల్లుల్లి తినమన్నారట. ఆ మాటకున్న విలువ నా మాటకు లేదు.

ఈ చలికాలం ఒకరోజు ఆయన దగ్గర నొప్పుల బామ్ వాసన గుప్పుమంది. అడిగితే భుజం పట్టేసిందన్నాడు. రెండు రోజులుగా మంటగా ఉందట, స్వెటర్ కింద దాచుకుని తిరుగుతున్నాడు.

"జెర స్వెటర్ లేపుండ్రి."

"చలికి పట్టిందంతే. నువ్వు పరేషాన్ గాకు."

నాకు శాలువా చుట్టుకుని కూర్చున్న నాయనమ్మ కళ్ల ముందు కదిలింది. నేనే స్వెటర్ పైకి లాగి చూశాను. పొక్కుల్లేవు, ఎరుపు లేదు, ఉత్త బామ్ జిడ్డు. ఆయన గెలిచినట్టు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. భుజం నెమ్మదించిన రోజే తిరుమలగిరిలోని ఆస్పత్రికి తీసుకెళ్లి మొదటి టీకా వేయించాను. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. రెండోదానికి ఇప్పటినుంచే సాకులు వెతుకుతున్నాడు.

చలి ఉన్నన్నాళ్లూ నేను పొద్దున్నే ఆయన స్వెటర్ ఎత్తి చూస్తాను. నాయనమ్మ కథ తెలుసు గనక, "గీత దాటిందానే?" అని గొంతు వణికించి నన్ను ఆటపట్టిస్తాడు. ఆటపట్టించనీ. మెడ నుంచి నడుము దాకా మంచిగా చూసి, "దాటలే" అన్నాకే చాయ్ పెడతాను.