జొన్నలు కొని లెవీ కట్టిన ఏడాది

ఖిల్లా ఘణపూర్‌కు కోసెడు దూరంలో మాకు ఏడెకరాల చెల్క భూమి ఉండేది. నాయన ఉన్నన్నాళ్లూ అందులో జొన్నలే పండించాడు. ఆయన పోయాక సేద్యం నా చేతికొచ్చింది. వనపర్తి గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, మేం బుడ్డలనే వేరుశనగకు గిరాకీ ఉన్న రోజులవి. రైలెక్కి, ఓడెక్కి దేశాలు దాటిపోతుందని చెప్పుకునేవారు. చెల్కంతా అదే వేస్తానన్నాను.

"బాయికాడి ముక్కల జొన్నలు ఉండనియ్యి కొడుకా. తినేటందుకన్న ఉంటయి," అన్నది అమ్మ.

"బుడ్డలమ్మితే ఎన్ని జొన్నలంటే అన్ని కొంటమే," అన్నాను.

రెండేళ్లు నా మాటే నెగ్గింది. గుడిసె తీసేసి పెంకుటిల్లు వేశాం. మూడో ఏటికి ప్రపంచ యుద్ధం ముదిరింది. బస్తాలు గంజికి తోలుకుపోతే, ఎప్పుడూ మా సరుకు కొనే సాహెబు కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

"ఓడలు బందైనయి తమ్మీ. నిరుడు కొన్నయే గోదాంల పురుగు పడుతున్నయి. ఇంక కొని ఏం జెయ్యాలె?"

బస్తాలతోనే ఇంటికి తిరిగొచ్చాను. ధర మళ్లీ లేస్తుందని ఆ తరువాతి ఏడూ వేరుశనగే వేశాను. మొండితనం. ధర లేవలేదు. జొన్నల ధర మాత్రం కొండెక్కింది, దాని వెంటే లెవీ వచ్చింది. రైతన్నవాడు ఎకరానికి ఇంతని ధాన్యం సర్కారు పెట్టిన తక్కువ ధరకే ఇవ్వాలి. రెవెన్యూ గిర్దావరు మా అరుగు మీద కూర్చుని మా వంతు రెండు బస్తాలని చదివాడు.

"నేను జొన్నలే ఎయ్యలేదు సార్."

"ఏమేసినవో నాకెందుకు? భూమి ఉన్నదా, లేదా?"

చేతిలో ఉన్న వేరుశనగలో కొంత వచ్చినకాడికి అమ్ముకుని జొన్నల కోసం ఊళ్లు తిరిగాను. ఎవరూ అమ్మలేదు. చివరికి ఆ సాహెబే తన ఇంట్లోంచి రెండు బస్తాలు తీయించాడు. "మా పిల్లల తిండికి పెట్టుకున్నయి, తీస్కపో," అన్నాడు. గంజి ధరే తీసుకున్నాడు. తప్పుపట్టలేను, ఆయనా మళ్లీ కొనుక్కోవాల్సినవాడే.

లెవీ గోదాముకు అమ్మ కూడా బండెక్కి వచ్చింది. బస్తాలు విప్పి రాశిలో గుమ్మరించారు. పక్కకు రాలిన గింజలను అమ్మ వంగి కొంగులోకి ఎత్తుకుంటోంది.

"ఏయ్, ఏందది?" అని కేకేశాడు కాపలావాడు.

"కింద రాలినయే అయ్యా," అన్నది అమ్మ.

ఎక్కడ కేసు పెడతారోనని నేను ముందుకురికాను. "పొయ్యమ్మా, అండ్లనే పొయ్యి," అని నేనే గద్దించాను. ఆమె పోసేసి, కొంగు దులిపి అతనికి చూపించింది.

దారంతా తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఇల్లు చేరాక, "ఎడ్లకు నీళ్లు పెట్టు," అన్నది, అంతే.

ఆ చలికాలమంతా ఉడకబెట్టిన వేరుశనగ, పలుచటి అంబలి. పళ్లు లేని అమ్మకు నా భార్య ఆ గింజలు మెత్తగా నూరి పెట్టేది. మరుసటి ఏటి తొలకరికి చెల్కంతా జొన్నలు చల్లాను. పంట గింజ పట్టే వేళ, మంచె మీద పిట్టలు తోలుతుంటే, గంజి నుంచి వస్తున్న పక్క చేను రైతు గట్టు మీద ఆగాడు.

"బుడ్డల ధర లేసిందిరా. మస్తు పలుకుతున్నయి," అన్నాడు.

ఎంత పలికాయని కూడా నేను అడగలేదు.