చెర్రీకి చలికాలం

మా పార్కులో నేను నాటింది పండ్ల చెర్రీ కాదు, పూల చెర్రీ. ఎంత చలినైనా తట్టుకుంటుందని కొండ ప్రాంతపు నర్సరీవాళ్లు హామీ ఇచ్చారు. మా పద్మారావు నగర్ ఎండల సంగతి వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆపరేషన్ తర్వాత మా ఆవిడ గడప దాటడం మానేసింది. ఆ మొక్కను చూడటానికి మాత్రం పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని వచ్చేది. డిసెంబరులో దాని ఆకులన్నీ రాలిపోయేసరికి, చెట్టు కంటే ముందు నేను ఎండిపోయాను.

"అది పోతే ఇంక నేనెందుకు రావడం?" అంది ఆవిడ, నవ్వుతూనే.

చలి చాలలేదేమో అనుకున్నాను. చెరకురసం బండి దగ్గర ఐసు కొని రోజూ దాని మొదలు చుట్టూ పేర్చాను.

"ఏందన్నా, చెట్టుకు జొరమొచ్చిందా?" అన్నాడు వాకింగుకొచ్చిన పక్కింటాయన.

"చెట్టుకు కాదు, నాకు."

"గట్లయితే జెర నెత్తిమీద పెట్టుకో," అంటూ తన సీసాలో మిగిలిన నీళ్లు చెట్టుకు వంచేశాడు.

మా పార్కులో అదొక ఆచారం. నడక ముగించాక మిగిలిన నీళ్లు ఊరికే పారబోయరు, ఏదో ఒక మొక్కకు పోస్తారు. చెర్రీ బోసిపోయాక అందరి జాలీ దాని మీదే కురిసింది. ఒకావిడ బియ్యం కడిగిన నీళ్లు కూడా మోసుకొచ్చేది.

మార్చి వచ్చినా మొగ్గ లేదు. మట్టి కెలికితే ఒక వేరు నానిన అట్టలా ఊడొచ్చింది. నర్సరీకి ఫోన్ చేశాను. చలికాలంలో ఆకు రాల్చి పడుకోవడం దాని అలవాటట. నిద్రపోతున్నదానికి అందరం కలిసి తులసితీర్థం పోశామన్నమాట. పూల చెర్రీని అడవి చెర్రీ మొదలు మీద అంటు కడతారని, ఆ ముడికి కింద బతికి ఉన్నా లాభం లేదని, అది అడవి చెర్రీయేనని, మనం కోరిన పూలు పూయదని కూడా చెప్పారు.

మా ఆవిడ గోటితో బెరడు గీకింది. గోధుమరంగు. ఇంకా కిందా అదే. అంటు ముడి కింద మాత్రం సన్నటి పచ్చగీత.

"ప్రాణం ఉందండీ!" అంది.

ఇంతలో పక్కింటాయన సీసా మూత తిప్పుతూ వచ్చాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు అన్నయ్యగారూ, చాలు."

"ఎండిపాయె గద వదినా?"

"ఎండలేదు, కుళ్లుతోంది. మీ సీసా మీరే తాగండి."

తర్వాత నా వైపు తిరిగింది. "రేపు ఇంకా ముందే రావాలి. వీళ్లంతా ఆరింటికల్లా నీళ్లతో దిగిపోతారు."

సరేనన్నాను. అప్పటినుంచి రోజూ వెళ్లి చెట్టు పక్కన బెంచీ మీద కాపలా కూర్చుంటున్నాం. అడవి చెర్రీ మాట ఆవిడకు ఇంకా చెప్పలేదు.