మా మిద్దె మీది నల్ల పలకలు

మా వాళ్లింట్లో పెళ్లయినా, సీమంతమయినా, భోజనాలయ్యి వక్కాకు వేసుకునే వేళకు ఒక కథ తప్పకుండా బయటికొస్తుంది. ధర్మవరంలో ఇల్లు కట్టించినప్పుడు మా తాత మిద్దె మీది గదికి బర్మా టేకు పలకలతో నేల వేయించాడట, అంత అపురూపమైన నేలను కొత్తకోడలిగా వచ్చిన మా అమ్మ పేడతో అలికి నల్లగా చేసిపెట్టిందట. మేనత్త చెబుతుంది, చిన్నాన్నలు నవ్వుతారు, పిల్లలందరికీ అది కంఠతా వచ్చు. నేను మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు. నా దగ్గర ఋజువేమీ లేదు, నోరు తప్ప. ఆ ఋజువు కూడా పోయిన నెల, మా తమ్ముడు ఆ నేలకు మెరుగు పెట్టించబోయినప్పుడు దొరికింది.

అలికిన మాట నిజమే, దాన్ని నేను కాదనను. బత్తలపల్లె దగ్గరి మెట్టపల్లెలో మట్టినేల తప్ప మరొకటి ఎరగకుండా పెరిగిన పిల్ల, శుక్రవారం తెల్లవారకముందే లేచి ఇల్లంతా అలికి ముగ్గు వేయడం కోడలి మర్యాద అనుకుంది. కింద బండలు కాబట్టి కడిగింది, పైన చెక్క కనిపిస్తే అదీ నేలే కదా అని పుట్టింటి మర్యాదే చేసింది. చెక్కను అలకకూడదని ఆ పిల్లకు చెప్పినవాళ్లెవరు? తాతది పట్టుచీరల వ్యాపారం. మగ్గాల నుంచి వచ్చిన చీరలను ఆ పలకల మీదే పరిచి, అంచులూ కొంగులూ చూసి మడతలు పెట్టేవాళ్లు. పేడ వాసన పోయేదాకా ఆ పని ఆగిపోయింది. మిగిలిన నేలంతా తేటపడినా కిటికీ కింది నాలుగు పలకలు మాత్రం నల్లగానే ఉండిపోయాయనీ, అది అమ్మ చేతి చలవేననీ ముద్ర పడిపోయింది. ఆ తర్వాత చీరలు పరిచినప్పుడు ఇంటి ఆడవాళ్లందరినీ పైకి పిలిచేవాళ్లు, అమ్మను తప్ప. ఏ రంగుకు ఏ అంచు వేశారో పైనుంచి వినబడే మాటల్లోనే ఆమె చూసుకునేది.

నాకు గుర్తున్నదల్లా ఎండాకాలపు మధ్యాహ్నాలు. ఇంటిల్లిపాదీ కింద బండల మీద చల్లగా పడుకుంటే, అమ్మ ఆముదం గిన్నె పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కేది. ముందు చింతపండు నీళ్లతో, కొబ్బరి పీచుతో ఆ నాలుగు పలకల్నీ తోమేది, ఆరాక బిడ్డకు తలంటినట్టు ఆముదం పట్టించేది. నేను పాత చీర పేలికతో రుద్దినట్టే రుద్ది, ఆ జిడ్డు మీద ఇటు నుంచి అటు జారేదాన్ని. కింద వంటింట్లో పెదవి విప్పని మనిషి అక్కడ మాత్రం గలగలా మాట్లాడేది. వాళ్ల ఊరి కొట్టంలోని ఎద్దుల పేర్లు, వేరుశనగ బుడ్డలు వొలిచేటప్పుడు వాళ్లమ్మ చెప్పిన పొడుపుకథలు, వాన కోసం కప్పలకు పెళ్లి చేసిన సంగతి, అన్నీ నేను ఆ నల్ల పలకల మీదే విన్నాను. అందుకే కాబోలు, ఎవరైనా వాటిని మచ్చ అంటే నాకు ఒళ్లు మండేది.

తమ్ముడు పిలిపించిన వడ్రంగి మేస్త్రీ మిషనుతో నేలంతా గీకితే పాత జిడ్డు పోయి పలకలు తేనెరంగులోకి తిరిగాయి. ఆ నాలుగూ మాత్రం ఇంకా నల్లబడ్డాయి. వాటిని పీకేసి కొత్త టేకు వేద్దామని మేస్త్రీ తెచ్చిన ముక్కల్ని తడిగుడ్డతో తుడిచి, నూనె పడితే ఏ రంగొస్తుందో పాత పలకల పక్కన పెట్టి చూసుకుంటున్నాడు.

"అమ్మ పెట్టిన పేడ పాలిషు ముందర నీ మిషను యాడ పనికొస్తాదన్నా?" అని తమ్ముడు ఇకిలించాడు.

"నువ్వు నోరు ముయ్‌రా. పైన పూసిన పేడ పలక అడుక్కి దిగుతాదా? అన్నా, ఒకటి పీకి అడ్డంగా కొయ్యి, లోపల చూస్తాం," అన్నాను.

"ఏమక్కా, పలక్కి ఆపరేషన్ చేయమంటావా? పేడ నలుపేనక్కా, అందరూ చెప్తాండారు కదా!" అని మేస్త్రీ నవ్వాడు.

"అందరూ చెప్పేదానికి రంపమెందుకు? నాకోసరం కొయ్యి."

పీకితే అడుగున, సరిగ్గా కిందనున్న వంటింటి పొగ పట్టి అన్ని పలకల్లాగే మసి, అందుకే కింది నుంచి ఎవరికీ తేడా తెలియలేదు. కోసిన అంచును నేనే తడిపి చూశాను. అంచు నుంచి అంచుకు ఒకటే నలుపు కలిసిన ఎరుపు. పక్కనే టేకు ముక్క పెట్టి వాసన చూస్తే, దానికున్న తోలు వాసన దీనికి లేదు, బరువు చూస్తే దానికంటే ఎక్కువ. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివింది ఇందుకైనా పనికొచ్చింది. అది టేకు కాదు, పుట్టుకతోనే నల్లగా ఉండే మద్ది చెక్క. మేస్త్రీ కూడా చిత్రిక పట్టి చూసి, మద్దేనని తలూపాడు. టేకు చాలక కిటికీ కింద మద్దితో సరిపెట్టి, మొత్తం బర్మా టేకేనని ఊరంతా చెప్పుకున్నాడన్నమాట మా తాత. అమ్మ కాపురానికి రాకముందే అవి నల్లవి!

 ఆ ముక్కను కిందికి తీసుకుపోయి తమ్ముడే అమ్మ చేతిలో పెట్టాడు. కోసిన చోట అమ్మ బొటనవేలితో చాలాసేపు రాసింది.

"అయితే నేను చెడగొట్టలేదన్నమాట," అంది.

అప్పటికప్పుడే మేనత్తకు ఫోను చేసి కడిగేయాలని నేను లేచాను.

"వద్దులేమ్మా. ముసిలిదైపాయ. ఆ కత చెప్పుకుని నవ్వేది తప్ప ఆయమ్మకు ఇంకేముండాది?" అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

పీకిన పలక స్థానంలోకి పాత మద్ది ముక్కే వెతికి వేయించాం. ఇప్పుడు నేలంతా వార్నీషుతో మెరుస్తోంది, ఆముదం అక్కర్లేదు. చీరలు పరిచి పదిమంది చుట్టూ కూర్చునే రోజులూ పోయాయి. తమ్ముడి కోడలు ఒక్కతే లైటు వెలుగులో చీర పట్టుకుని, కొనేవాళ్లకు ఫోనులో చూపిస్తుంది. పక్కన కుర్చీలో కూర్చుని, ఏ రంగుకు ఏ అంచు నప్పుతుందో చెప్పేది మా అమ్మ.

అంతా బాగానే ఉంది గానీ, నాకు తెగనిది ఒకటుంది. అమ్మ రాకముందు ఆ గది రోజూ ఊడ్చింది మా అవ్వ, అమ్మ అత్తగారు. ఎప్పుడూ చీరలు పరిచి ఉండే నేల కాబట్టి మిగతావాళ్ల కంట పడలేదేమో గానీ, ఆ నాలుగు పలకల రంగేమిటో ఆమెకు తెలియకుండా ఉంటుందా? అవ్వ ఆ కథ చెప్పగా నేనెన్నడూ వినలేదు, ఎవరైనా మొదలుపెడితే లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. మొగుడి గొప్ప నిలబెట్టడానికి కోడలిని అందరి నవ్వులకూ వదిలేసిందా, లేక నోరు తెరవాలని పెరట్లో నిలబడి రోజూ అనుకుంటూనే కాలం గడిపేసిందా?