రోగికి ముందుగా చెప్పాలి

మా నర్సింగ్ స్కూలుకు మొన్న కొత్త బొమ్మ వచ్చింది. పాత బొమ్మలాంటిది కాదు, ఇది కళ్ళు ఆర్పుతుంది, దీని రొమ్ము పైకీ కిందికీ ఆడుతుంది, మణికట్టు పట్టుకుంటే నాడి కూడా దొరుకుతుంది. మొదటి సంవత్సరం పిల్లలు కొత్త పెళ్ళికూతుర్ని చూడటానికి వచ్చినట్టు దాని చుట్టూ మూగారు. ఒక పిల్లను పిలిచి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయడం చేసి చూపించమన్నాను. చేతులు కడుక్కుంది, ట్రే సర్దుకుంది, గొట్టం కొలిచి గుర్తు పెట్టుకుంది, అన్నీ బాగానే చేసింది. తీరా గొట్టం ముక్కు దాకా వచ్చాక "ఏదో మర్చిపోయినావు" అన్నాను. ఆ పిల్ల ట్రే వైపు చూసింది, నా వైపు చూసింది, బొమ్మ వైపు చూసింది. "బొమ్మకి గూడా చెప్పాల్నా మేడమ్?" అంది. అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. పాతికేళ్ళ కిందట నేనూ ఇంచుమించు అదే ప్రశ్న, ఇంచుమించు అదే మొహం పెట్టుకుని అడిగాను. కాకపోతే నేను అడిగింది బొమ్మ గురించి కాదు, మనిషి గురించి.

మాది కంబదూరు పక్కన వాన మీద ఆధారపడ్డ పల్లె. తొంభైల చివర్లో నేను నర్సింగులో చేరేనాటికి మా నాయనకు నర్సంటే సూది వేసే మనిషని మాత్రమే తెలుసు. నిజం చెప్పొద్దూ, నాకూ అంతే తెలుసు. తీరా చేరాక ఆరు నెలల పాటు సూది మొహమే చూపించలేదు. పక్క పరవడం నేర్పారు. దుప్పటి మూలలు ఎంత కోణంలో మడవాలో, మడతల్లో ముడత లేకుండా ఎలా బిగించాలో, అది అయ్యాక రోగి మంచం మీద ఉండగానే, ఆయన్ను లేపకుండా, కింది దుప్పటి ఎలా మార్చాలో నేర్పారు. థర్మామీటరు విదిలించడం నేర్పారు, మొదటి వారంలోనే నేను రెండు పగలగొట్టి పాదరసం కోసం నేల మీద పాకాను. సెలైను చుక్కల్ని చేతిగడియారం చూస్తూ లెక్కపెట్టడం, కదల్లేని మనిషికి మంచం మీదే, మానం పోకుండా, ఒక్కో చెయ్యీ ఒక్కో కాలూ విప్పుకుంటూ కప్పుకుంటూ స్నానం చేయించడం, పెద్దవాళ్ళ వీపు పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఇవీ మా చదువు. సెలవులకు ఇంటికి పోయి మంచం మీద దుప్పటి పరిచి చూపిస్తే మా నాయన దుప్పటి మూల పట్టి చూసి, "పక్క పరిసేదానికి మూడేండ్ల సదువా పాపా?" అన్నాడు. ముడత లేకుండా మళ్ళీ పరిచి చూపించాను. అయినా ఆయన నమ్మలేదు.

ప్రతి పనికీ మేము రికార్డు రాయాలి. ఎడమ పేజీలో ట్రే బొమ్మ, కుడి పేజీలో మెట్లు. ఏ పనికైనా సరే మొదటి మెట్టు ఒకటే, చేసే పనిని రోగికి ముందుగా వివరించాలి. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని తెలుగు మీడియం నుంచి వచ్చిన మేము పూజలో మంత్రం మాదిరి, అర్థంతో పని లేకుండా, ప్రతి పేజీలో మొదటి వరుసలో రాసి కింద ఎర్రసిరాతో గీత కొట్టేవాళ్ళం. పరీక్షలో ఆ ఒక్క వరుసకు ఒక మార్కు. వార్డులో మాత్రం ఎవరం చెప్పేవాళ్ళం కాదు. పని త్వరగా అయిపోవాలి, మెస్సులో సాంబారు అయిపోకముందే చేరాలి, అదీ మా తొందర.

ఈ తొందర సాగనిది మా సిస్టర్ దగ్గర ఒక్కచోటే. మాకు పాఠం చెప్పి, వార్డులో వెంట నిలబడి పని నేర్పే ఆవిడ. గుత్తి రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగింది. రైలు పోతున్నా వినబడేలా మాట్లాడటం చిన్నప్పుడే అలవాటైందేమో, వార్డు ఈ చివర గుసగుసలాడినా ఆ చివర రోగి తల తిప్పి చూసేవాడు. మనిషి పొట్టి, మాట గట్టి. మాలో ఎవరికీ ఆమె అంటే ప్రేమ ఉండేది కాదు, భయం మాత్రం ధారాళంగా ఉండేది. ఆమెకు ఒక అలవాటు. స్పృహ లేని రోగి దగ్గర కూడా వంగి, "అమ్మా, ఇప్పుడు నీ కుడి చెయ్యి పట్టుకుంటాండా, సల్లగా తగుల్తాది" అని చెప్పి మరీ చెయ్యి తుడిచేది. వెనకనుంచి మేం ఒకర్నొకరు గిల్లుకుని నవ్వు ఆపుకునేవాళ్ళం.

రెండో సంవత్సరం, చెనక్కాయ పీకే కాలం, వేరుశెనగను మా వైపు అలాగే అంటాం. ఒకరోజు పొద్దున్నే నల్లమాడ వైపు నుంచి ఒక ఆడమనిషిని జీపులో తెచ్చారు. ముప్పై ఐదేళ్ళుంటాయి. మేకలకు మేత వేద్దామని ఎండిన చెనక్కాయ కట్టె వామిలో చెయ్యి పెడితే నాగుపాము కరిచింది. దార్లోనే రెప్పలు వాలిపోయాయంట, ఆ తర్వాత మాట ముద్దయిందంట, మా దగ్గరికి చేరేసరికి ఉమ్మి కూడా మింగలేకపోతోంది, ఊపిరి పైపైన ఆడుతోంది. ఆమె మొగుడు భుజం మీది తువ్వాల నోట్లో కుక్కుకుని తలుపు దగ్గర నిలబడిపోయాడు. డాక్టరు విషానికి విరుగుడు మందు ఎక్కించి, గొంతులోకి గొట్టం వేశాడు. ఊపిరి ఆడించే యంత్రం ఆ రోజుల్లో మా వార్డులో లేదు. ఉన్నది రబ్బరు సంచి. దాన్ని గొట్టానికి తగిలించి చేత్తో ఒత్తితే గాలి లోపలికి పోతుంది, వదిలితే బయటికి వస్తుంది. విషం దిగి ఆమె తనంతట తాను ఊపిరి తీసుకునే దాకా ఎవరో ఒకరు ఒత్తుతూ ఉండాలి. ఎంతసేపు అంటే ఎవరికీ తెలీదు.

సిస్టర్ మా ఎనిమిది మందిని వరసగా నిలబెట్టింది. గోడ గడియారం చూసి మనిషికి ఇరవై నిమిషాలు. "మీ ఊపిరి మర్సిపోవద్దండే. మీరు పీల్సినప్పుడు ఒత్తండి, ఇడిసినప్పుడు ఇడవండి. అంతే లెక్క" అంది. నా వంతు వచ్చింది. సంచి ఒత్తాను, ఆమె రొమ్ము లేచింది. వదిలాను, దిగింది. ఆ క్షణం నాకు ఒళ్ళు జల్లుమంది. ఈరోజు దాకా ఆ జల్లు పోలేదు. పందొమ్మిదేళ్ళ పిల్లను, చెనక్కాయలు వలిచి మొద్దుబారిన వేళ్ళు నావి, ఆ వేళ్ళలో ఒక మనిషి ప్రాణం నా ఊపిరితో పాటు లోపలికి వెళ్ళి వస్తోంది. నేను ఆపితే ఆగిపోతుంది. ఇంత పెద్ద పని నా చేతికి ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని భయమేసింది. ఆ భయంలో నోరు ఊరుకోదు. సిస్టర్ మందు కోసం అవతలికి పోగానే, పక్కన నిలబడ్డ నా జతగత్తెతో "ఈయమ్మకి ఇద్దురు సిన్న పిల్లోల్లంట. ఇంగ యాడ బతుకుతాదిలే" అనేశాను. కళ్ళు మూసుకుని, వేలు కూడా కదపకుండా పడున్న మనిషి. కట్టెకూ ఆమెకూ తేడా లేదనుకున్నాను.

సిస్టర్ తిరిగొచ్చి మంచం మీదికి వంగింది. "అమ్మా, నువ్వు ఆస్పత్రిలో ఉండావు. పాము కర్సింది, మందు ఎక్కతాండాది. నీకు ఊపిరి మా పిల్లోల్లు ఇస్తాండారు. కండ్లు తెరిసేకి కాదు, కాలు చెయ్యి ఆడవు, అది మందు పనిచేసే వరకే. బయపడొద్దు" అంది. ఆ వెంటనే నా వైపు తిరిగి, "మూగదాని మాదిరి ఒత్తుతాండావేమే? మాట్లాడు ఆమెతో" అంది.

"ఆమెకి తెలివే ల్యాదు కదా సిస్టర్, ఆమెకి గూడా చెప్పాల్నా?" అన్నాను.

"తెలివి ల్యాదని నీకెవురు చెప్పినారు? కండ్లు మూతపడితే సెవులు గూడా మూతపడతాయా?" అని కసిరింది. ఆ గొంతుకు వార్డంతా మా వైపు చూసింది.

రికార్డులో మొదటి మెట్టు రాశారు గానీ, చెప్పాల్సిన మాటలు రాయలేదు కదా. నోటికి వచ్చింది మా ఎద్దు. "అక్కా, మా నాయనకి ఒక ఎర్రెద్దు ఉండాది" అని మొదలుపెట్టాను. ఆ సంవత్సరం దాని కాల్లో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. మా నాయన వేపాకు కాచిన నీళ్ళతో పొద్దునా సాయంత్రం పుండు కడిగి గుడ్డ కట్టేవాడు. కట్టు విప్పేముందు ప్రతిసారీ దాని గంగడోలు నిమిరి, "కాలు పట్టుకుంటాండా రా, మంట పుడతాది, తన్నొద్దు" అనేవాడు. అది నిజంగానే తన్నేది కాదు. ఈ మాట చెబుతూ చెబుతూ నా నోరు ఒక్క క్షణం ఆగింది, చెయ్యి ఆగలేదు. పక్క పరవడానికి మూడేళ్ళ చదువా అని అడిగిన మనిషి, ఏ రికార్డూ రాయకుండానే, మొదటి మెట్టు ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. ఎర్రసిరా గీత కొట్టుకుంటూ నేను ఒక్కరోజు కూడా గుర్తుపెట్టుకోలేదు.

ఆ రోజు నాకు నాలుగైదు వంతులు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ ఎద్దు కథే సాగదీశాను. సాయంత్రం చివరి వంతులో కథ, మా నాయన పదో రోజు కట్టు విప్పి చూసే దాకా వచ్చింది. అంతలో డ్యూటీ మారింది. రాత్రి డ్యూటీ అక్కలు వచ్చి సంచి అందుకున్నారు. సిస్టర్ మమ్మల్ని హాస్టలుకు తరిమింది. మధ్యలో చెయ్యి ఖాళీ పడకుండా మార్చుకోవడం మాకు అప్పటికి బాగా వచ్చేసింది. కథ మాత్రం మధ్యలోనే ఉండిపోయింది, అది ఎవరికీ అప్పగించలేదు.

మర్నాడు పొద్దున పోయేసరికి ఆమె కుడి రెప్ప సన్నగా లేస్తోంది, ఆ హడావుడిలో ఎద్దు కథ నాకు గుర్తే రాలేదు. మధ్యాహ్నానికి తనే ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ రొమ్ము ఎవరూ ఒత్తకుండా తనంతట తాను లేవడం చూసి మేం ఎనిమిది మందీ సిగ్గు లేకుండా ఏడ్చాం. సిస్టర్ ఏడవలేదు, మంచం మీద దుప్పటి మూల ఊడిపోయిందని తిట్టింది. మూడో రోజుకు గొట్టం తీశారు. నేను జ్వరం చూడటానికి వెళ్ళి, ఈసారి మర్చిపోకుండా, "అక్కా, నోట్లో థర్మామీటరు పెడతాండా" అన్నాను. ఆమె నా మొహం వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇంగొక్కసారి మాట్లాడు" అంది. గొంతు జీరగా ఉంది.

"ఏం మాట్లాడాలక్కా?"

"నువ్వే. నేను బతకనని చెప్పింది నువ్వే కదా" అంది.

చేతిలోని థర్మామీటరు ఎక్కడ జారిపోతుందోనని పిడికిలి బిగించాను. జీవితంలో అంత సిగ్గు మళ్ళీ పడలేదు. "తప్పయిందక్కా" అన్నాను. ఆమెకు కోపం లేదు. ఉంటే కొంచెం తేలికయ్యేదేమో.

"అరుద్దామనుకుంటి, బతికే ఉండానని. నోరు రాకపాయ. అంతా సీకటి, అంతా ఇనిపిస్తాండాది" అని, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మళ్ళీ తనే నా చెయ్యి పట్టుకుంది. "మల్లా నువ్వే ఎద్దు కత చెప్పినావు. కట్టు ఇప్పినాడని చెప్పి పోతివి. తెల్లవార్లూ నువ్వొస్తావేమో, చెప్తావేమో అని కాసుకోనుంటి. ఏమాయ దాని కాలు?"

రోగికి అబద్ధం చెప్పకూడదని సిస్టర్ చెప్పిన పాఠం ఆ రోజు నా అదృష్టం కొద్దీ కష్టం కాలేదు. "కుంటుతాది అక్కా. ఉండాది గానీ" అన్నాను.

"ఉండాదా? కుంటితే కుంటనీ, ఉంటే సాలు" అని కళ్ళు మూసుకుంది. ఈసారి నిద్రకు.

ఎర్రెద్దు పోయింది, మా నాయన పోయాడు, సిస్టర్ రిటైరై గుత్తికే వెళ్ళిపోయింది. నల్లమాడ అక్క ఎక్కడుందో తెలీదు, మనవల్ని ఆడిస్తూ ఉంటుందని అనుకోవడం నాకు ఇష్టం. మొన్న ఆ పిల్లల నవ్వులయ్యాక నేను ఇదంతా చెప్పలేదు. చెబితే పాఠం అవుతుంది, పాఠాన్ని రికార్డులో రాసుకుని మర్చిపోతారు. "చెప్పాల. బొమ్మకు గూడా చెప్పాల" అని మాత్రం అన్నాను. ఆ పిల్ల వంగి, బొమ్మ చెవి దగ్గర, "అమ్మా, ముక్కులో గొట్టం వేస్తాండా" అంది. బొమ్మ కళ్ళు ఆర్పింది, అది దానికి కంపెనీవాళ్ళు పెట్టిన అలవాటు. నేను గడియారం చూశాను, మాట చెప్పడానికి ఆ పిల్లకు రెండు సెకన్లు పట్టింది. కట్టు విప్పినాడని చెప్పి నేను వెళ్ళిపోయిన సాయంత్రానికీ, మర్నాడు ఆమె రెప్ప లేచిన పొద్దుకూ మధ్య పన్నెండు గంటలు. ఆ చీకట్లో ఒక ఎద్దు కాలు పట్టుకుని వేలాడిన ఆమెకు అది ఎంత కాలమో, నేను ఇప్పటికీ లెక్క తేల్చుకోలేకపోతున్నాను.