విమలత్త ఒంటిసీటు బండి

మొన్న మా అపార్ట్‌మెంటులో కిటికీ చువ్వలకు రంగు వేయడానికి వచ్చిన పెయింటర్, పని ముగించుకుని, ఒక పాత సీసాలోంచి ఇంత కిరోసిన్ అరచేతుల్లో ఒంపుకుని, మోచేతుల దాకా రుద్దుకుంటూ గుమ్మం బయట నిలబడ్డాడు. ఆ వాసనకు మా ఆయన ముక్కు మూసుకుని ఫ్యాన్లన్నీ వేశాడు. నేను మాత్రం చేస్తున్న పని ఆపి గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆ మనిషి ఏమనుకుంటాడోనన్న ఆలోచన కూడా లేకుండా, గుండెనిండా పీల్చుకున్నాను. ఇప్పుడెవరి ఇంట్లోనూ లేని ఆ వాసన నాకు పదేళ్ళ వయసున్నప్పుడు మా ఇంటి వాసన.

హుస్సేనీ ఆలంలో ఒక సందు చివర మా తాత ఇల్లు. చుట్టూ గదులు, నడుమ ఆకాశం కనిపించే బండల వాకిలి, ఆ వాకిలి మూలన డాబా మీదికి వెళ్ళే మెట్లు, మెట్ల కింద ఒక పాత మోటార్ సైకిల్. మా తాత దగ్గర్లోని చిన్న రామాలయంలో అర్చకుడు. మోకాళ్ళు బాగున్న రోజుల్లో పంచె ఎగగట్టి, నైవేద్యం గిన్నె పక్కడబ్బాలో పెట్టుకుని, రెండు సైలెన్సర్ల ఆ బండి మీద గుడికి వెళ్ళేవాడట. నేను చూసేనాటికి అది కదలక ఆరేళ్ళయింది. ఎండాకాలంలో నానమ్మ దాని సీటు మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టేది, వానాకాలంలో హ్యాండిల్‌కు తడిబట్టలు ఆరేసేది. ప్రతి దసరాకూ తాత మాత్రం దానికి పసుపూ కుంకుమా పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలుంచి, నడుస్తున్న బండికి చేసినంత శ్రద్ధగా పూజ చేసేవాడు.

విమలత్త మా నాన్నకు చెల్లెలు. ఆ ఏడే పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకుని ఇంట్లో ఉంది. నెట్ సెంటర్లో ఎప్పుడో ఒక వీడియో చూసిందట: ఏ దేశంలోనో కుర్రవాళ్ళు పాత బండ్లకు అక్కర్లేనివన్నీ ఊడదీసి, హ్యాండిల్ కిందికి దించి, ఒక్క మనిషికే సీటు పెట్టి, ఒక చాయ్ హోటల్ నుంచి ఇంకో చాయ్ హోటల్ దాకా పందేలు వేసుకునేవారని, ఆ బండ్లనే కెఫే రేసర్ అంటారని, అందరం అన్నాలు తింటుండగా చెప్పింది. మెట్ల కింది బండిని తను అట్లా మారుస్తానంది.

“ఇరానీ హోటల్ల చాయ్ తాగనీకి గింత లొల్లి ఎందుకే? నడిచి పోరాదు?” అంది నానమ్మ.

తాత మజ్జిగ అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చిన తర్వాత మాట్లాడాడు. “పూజలందుకున్న బండి బిడ్డా అది. దాని తోక కోస్తనంటున్నవ్. సరే, కొయ్యి. కానీ దసరా పూజ అయ్యేలోపల అది స్టార్ట్ గావాలె. గాకుంటే పాత ఇనుము కింద కబాడీకి ఇచ్చేస్త. మళ్ళ నన్నడగొద్దు.”

మరునాడే పని మొదలయింది. అత్త ఒక్కొక్క నట్టూ విప్పి ఇస్తుంటే నేను కిరోసిన్ పళ్ళెంలో వేసి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, గుడి నుంచి వచ్చిన మోదుగాకు దొప్పల్లో పెట్టి, ఒక్కో దొప్పకూ నంబరు చీటీ అతికించేదాన్ని. ఏ దొప్పలో ఏముందో నోటుబుక్కులో బొమ్మ వేయడం కూడా నా పనే. సందులో పిల్లలు గోలీలూ క్రికెట్టూ ఆడుకుంటుంటే నాకు వెళ్ళాలనిపించేది కాదు. నేను ఎప్పుడూ ఒక్క క్యాచ్ పట్టలేదు. పతంగులు ఎగరేస్తే నా చేతిలో దారం తెలిసేదే గానీ, పైన పతంగి ఎక్కడుందో తెలిసేది కాదు. అందరికీ అంతేననుకునేదాన్ని. ముక్కు దగ్గర పెట్టుకుని చూడగలిగిన నట్లూ బోల్టులూ మాత్రం నాకు బ్రహ్మాండంగా కనిపించేవి. ప్రతి దాన్నీ ఇదెందుకు, ఇది లేకుంటే ఏమవుతుందని అడిగేదాన్ని. అత్త విసుక్కోకుండా చెప్పేది.

ఒకరోజు పొడుగాటి పాతసీటు విప్పి పక్కన పెడుతుంటే అడిగాను. “ఒక్క సీటే అయితే మరి నేనేడ కూసోవాలె అత్తా?”

ఆమె స్పానర్ తిప్పుతూనే జవాబిచ్చింది. “మా చిన్నప్పుడు బాపు, గదే మీ తాత, నడిపేటోడు. మీ నాయన టాంకీ మీద, అమ్మ ఎన్క. జూ పార్కుకు పోయినా, పెండ్లికి పోయినా గంతే. జాగ లేదని నన్ను ఇంటికాడ ఇడిచిపెట్టేటోళ్ళు. గందుకే ఇప్పుడు ఒక్క సీటు.” ఆ మాటలో కోపమేమీ లేదు. తర్వాతి నట్టు నా చేతిలో పెట్టింది.

జూన్‌లో మొదటి వానలు పడ్డాక ఖాళీ చేసిన చట్రాన్ని తోపుడు బండి మీద వేసుకుని బహదూర్‌పురాలో వెల్డింగ్ షెడ్డుకు తీసుకెళ్ళాం. వెల్డర్ రహీం భాయ్ తెల్లగడ్డం మనిషి. చట్రం చూసి ఎవరి బండో వెంటనే గుర్తుపట్టి, రంపం చేతిలోకి తీసుకుని కూడా ఆగిపోయాడు. “పంతులుగారు ఒప్పుకున్నరా బేటీ? మళ్ళ నా మీద లొల్లి రావొద్దు,” అన్నాడు. ఒప్పుకున్నాడని అత్త చెప్పిన తర్వాతే వెనుక భాగం కోసి, ఇనుప గొట్టాన్ని నెలవంకలా వంచి అతికాడు. నేను షెడ్డు బయట అటు తిరిగి నిలబడి, గోడ మీద పడుతున్న నీలం వెలుగును చూస్తూ లోపల ఏం జరుగుతున్నదో ఊహించుకున్నాను.

బోనాలు వచ్చి పోయాయి. రంజాన్ వచ్చింది, సాయంత్రాలు సందంతా పకోడీల వాసన, ఇంట్లో కిరోసిన్ వాసన. ఆటో సీట్లు కుట్టే అతని దగ్గర వెనుక చిన్న మూపురమున్న నల్లటి సీటు కుట్టించాం. టాంకీ సొట్టలు తీసి ఆకుపచ్చ రంగు వేశాం. కాళ్ళు పెట్టుకునే కడ్డీలు వెనక్కి జరిగాయి, హ్యాండిల్ కిందికి దిగింది. వినాయకచవితికి కుడుములు తింటూ నానమ్మ ఆ బండిని చాలాసేపు చూసి, ఇది పరిగెత్తబోయే కుక్కలా ఉందంది. మెచ్చుకుందో లేదో మాకు అర్థం కాలేదు.

తప్పు ఆ పండగ తర్వాతే చేశాను. అత్త కార్బురేటర్ విప్పింది. అందులోంచి జెట్టు అనే చిన్న ఇత్తడి మర వచ్చింది, పెసరగింజ కన్నా కొంచెం పెద్దది. ఇంజనుకు ఎంత పెట్రోలు పోవాలో దాని నడుమనున్న సన్నటి రంధ్రమే కొలిచి పంపుతుందని అత్త చెప్పింది. అంత సన్నటి రంధ్రంలోంచి ఏం కనిపిస్తుందో చూద్దామని, ఆమె నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడు డాబా ఎక్కి కంటికి ఆనించుకున్నాను.

ఎదురింటి డాబా మీద పావురాలుండేవి. నా లెక్కలో అవి గోడ మీది బూడిదరంగు మరకలు. కదిలితే పావురాలని తెలిసేది. జెట్టులోంచి చూస్తే ఒక పావురం కనిపించింది. దాని మెడ మీది పచ్చదనం, ముక్కు, కాళ్ళకు కట్టిన చిన్న గజ్జెలు కనిపించాయి. జెట్టు తీస్తే మళ్ళీ మరక. పెడితే గజ్జెలు. అట్లా ఎన్నిసార్లు చూశానో. అత్త పిలిచినప్పుడు జెట్టును దొప్పలో పెట్టకుండా గౌను జేబులో వేసుకున్నాను.

మరునాడు దాన్ని కంపాసు పెట్టెలో బడికి తీసుకెళ్ళాను. మూడో బెంచీ నుంచి బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటిగా చదివాను. అంతకుముందు పక్కపిల్ల నోటుబుక్కులోంచి ఎక్కించుకునేదాన్ని. తెచ్చి ఇచ్చేయాలని రోజూ అనుకునేదాన్ని, రేపు ఇద్దామని రోజూ ఆగేదాన్ని.

ఇంట్లో అత్త జెట్టు తనే పోగొట్టాననుకుంది. వాకిలి బండల సందుల్లో మట్టి తవ్వి, నానమ్మ పిండిజల్లెడతో జల్లించింది. నేనూ పక్కన కూర్చుని జల్లించాను. ఆ మోడల్ ఎప్పుడో ఆగిపోయింది. అఫ్జల్‌గంజ్ వైపు పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, దగ్గరి సైజువి రెండు తెచ్చింది. ఒకటి వేస్తే నల్లటి పొగ కక్కి ఆగేది, ఇంకొకటి వేస్తే కాసేపు దగ్గి ఆగేది. సందులో పోయేవాళ్ళు నిలబడి తలా ఒక సలహా ఇచ్చేవారు. అత్త అన్నం తినడం తగ్గింది. నేను మాత్రం బడిలో ఆ జెట్టులోంచే బోర్డు చదువుతూనే ఉన్నాను.

బతుకమ్మ పూలు ఇంటికొచ్చిన ఒక సాయంత్రం, కబాడీ అతను వచ్చి బండి చుట్టూ తిరిగి చూసి వెళ్ళాడు. అత్త స్పానర్లన్నీ తుడిచి, పాత చీరముక్కలో వరుసగా పేర్చి, చుట్టి ముడేస్తున్నది. ఆ ముడి చూసి నేను ఉండలేకపోయాను. కంపాసు పెట్టె తెచ్చి జెట్టు తీసి ఆమె ముందు పెట్టాను. కొడుతుందనుకున్నాను.

ఆమె దాన్ని అరచేతిలో వేసుకుని చూసింది. “ఎందుకు తీసినవే?”

“దీన్లకెల్లి మంచిగ కనవడుతది.”

“ఏం కనవడుతది?”

“ఎదురింటి పావురం కాళ్ళకు గజ్జెలు.”

“ఉత్తగ చూస్తే?”

“ఉత్తగ చూస్తే పావురమే కనవడదు.”

అత్త చీరముక్క వదిలేసి నేలమీద కూర్చుంది. నన్ను దగ్గరికి లాక్కుని, గోడ మీది క్యాలెండర్‌లో తారీఖు ఎంతని అడిగింది. క్యాలెండర్ ఉందని తెలుసు గానీ అందులో అంకెలు నాకెప్పుడూ కనిపించలేదు. “ఇన్నొద్దుల సంది నాతోటే ఉన్నవ్, నేనే చూడకపోతిని,” అంది. ఆమె తిట్టి ఉంటే నేను ఏడ్చేదాన్ని కాదు.

దసరాకు రెండే రోజులున్నాయి. మరునాడు అత్త బండి ముట్టలేదు. నన్ను సిటీ బస్సులో ఎక్కించుకుని అఫ్జల్‌గంజ్‌లో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పండగ ముందు రద్దీలో పొద్దంతా అక్కడే గడిచిపోయింది. దూరంవి కనిపించని కళ్ళకు సన్నటి రంధ్రంలోంచి చూస్తే తేటగా కనిపిస్తుందని డాక్టరు అత్తకు చెప్పాడు. అద్దాలు పండగ తర్వాత ఇస్తామన్నారు. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. తాతకు సంగతంతా నానమ్మ చెప్పింది. ఆయన నా గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసి, సంధ్యావందనానికి లేచాడు.

దసరా పొద్దున అత్త కార్బురేటర్ బిగించడం ఇంకా అవనే లేదు, తాత పూజ మొదలుపెట్టేశాడు. గణపతి పూజ అయింది. అష్టోత్తరం అయింది. అత్త కిక్కు కొడుతున్నది. బండి పలకడం లేదు. అక్కడితో హారతి ఇవ్వాలి. ప్రతి ఏడూ అంతే. తాత హారతి పళ్ళెం వైపు చెయ్యి చాపకుండా సహస్రనామం అందుకున్నాడు. ఏ ఏడూ బండికి సహస్రనామం చదవలేదు. అత్త ప్లగ్గు విప్పి తుడిచి మళ్ళీ పెట్టింది. నానమ్మ వంటింటి గుమ్మంలోంచి, “గారెలు సల్లారిపోతున్నయ్,” అంది. తాత కళ్ళు తెరవకుండానే గొంతు పెంచాడు. వేయి నామాలూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి అందుకున్నప్పుడు గానీ ఆయన ఏం చేస్తున్నాడో మాకు తెలియలేదు. అత్త చెమట తుడుచుకుని, పెదవి కొరుక్కుని, ఇంకో కిక్కు కొట్టింది. బండి అందుకుంది. వాకిలంతా పొగ, బండల మీది నిమ్మకాయలు ఆ అదురుకు దొర్లిపోయాయి. తాత ఎక్కడున్న నామం అక్కడే ముగించి, హారతి వెలిగించి, అత్త ముందుకు పళ్ళెం చాపాడు. “పూజ అయ్యేలోపల్నే స్టార్ట్ అయింది,” అన్నాడు మామూలుగా.

నా అద్దాలు తేవడానికి అత్త నన్ను ఆ బండి మీదే తీసుకెళ్ళింది. ఒంటిసీటు అంచుకు తను జరిగి, టాంకీ మీద తువ్వాలు మడిచి వేసి నన్ను కూర్చోబెట్టుకుంది. పోయేటప్పుడు ఊరంతా రంగుల మసక. వచ్చేటప్పుడు కొత్త అద్దాలతో నయాపూల్ మీదినుంచి ఇంటి దాకా ప్రతి దుకాణం బోర్డూ గట్టిగా చదువుతూ వచ్చాను. ఉర్దూ బోర్డులు చదవడం రాకపోతే చుక్కలెన్నున్నాయో చెప్పాను. చెట్లకు విడివిడిగా ఆకులున్నాయి. అవి కిందినుంచి కూడా కనిపిస్తాయని నాకప్పటిదాకా తెలియదు. అత్త ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు.

అత్తకు కొన్నాళ్ళకు తను చదివిన పాలిటెక్నిక్‌లోనే ఉద్యోగం వచ్చింది. చాలా ఏళ్ళు దాని మీదే వెళ్ళొచ్చింది. తాత పోయాడు, తర్వాత నానమ్మ. ఇల్లు పంచుకున్నారు, వాకిలి ఉన్నచోట ఇప్పుడు లిఫ్టు ఉంది. రహీం భాయ్ షెడ్డు సెల్‌ఫోన్ కవర్ల దుకాణమయింది. బండికి పార్టులు దొరకడం ఆగిపోయాక అత్త దాన్ని కాలేజీ వర్క్‌షాపుకు ఇచ్చేసింది.

పెయింటర్ వచ్చి వెళ్ళిన వారానికి నేను అక్కడికి వెళ్ళాను. ఇంజన్ ఒక్కటే మిగిలింది. పిల్లలకు లోపలిదంతా కనిపించాలని దాన్ని నిలువునా కోసి, ఎర్రరంగూ నీలిరంగూ వేసి, స్టాండు మీద బిగించారు. పక్కనున్న పిడి తిప్పితే పిస్టన్ పైకీ కిందికీ మెత్తగా కదులుతుంది. నేను వంగి ఎంతోసేపు చూశాను. అత్త పక్కన నిలబడి ఏది ఏమిటో మళ్ళీ చెప్పింది. చుట్టూ చేరిన విద్యార్థినుల్లో ఒకమ్మాయి, “మేడం, ఇది నడిచినప్పుడు సౌండ్ ఎట్లుండె?” అని అడిగింది. అత్త నోటితో చేసి చూపించబోయి, సగంలో ఆగి నవ్వేసింది. నన్ను చెయ్యమంది. నేనూ ప్రయత్నించాను. ఇద్దరం కలిసి కూడా చేసి చూశాం. ఆ చప్పుడు రాలేదు.