ఎవేలియో కూర్చుని తిన్న రొట్టె

ముప్పై ఎనిమిదేళ్లపాటు హయలీయా ఊరి జనం పొద్దుటి పలహారానికి రొట్టెలు కాల్చిన ఎవేలియో కర్మెనాటే, తను మాత్రం ఆ పలహారం హోటల్లో కూర్చుని తిన్న రోజు ఒక్కటీ లేదు. ఊరు కాఫీ కోసం హోటళ్ల కిటికీల దగ్గర గుమిగూడే వేళకి ఆయన చేతుల పిండి కడుక్కుని ఇంటికి పోయి ముసుగుతన్నేవాడు. డెబ్బై ఒకటో ఏట మోకాలికి ఆపరేషన్ అయ్యాక, తన దగ్గరే పని నేర్చుకున్న యమిలేకి బట్టీ అప్పజెప్పాడు.

మూడు వారాలు తిరక్కుండానే భార్య సొరైదా విసిగిపోయింది.

"ఎటు తిరిగినా నువ్వే తగులుతున్నావు. నా కూర ఉప్పు నువ్వు చూడక్కర్లేదు గానీ, ఎక్కడికైనా పోయి నలుగురిలా కాఫీ తాగిరా. మధ్యాహ్నం కాకుండా ఈ గుమ్మం తొక్కావంటే ఊరుకోను!"

అలా ఒక బుధవారం తొమ్మిదింటికి మూలమీది హోటల్‌కి వచ్చి, గల్లా పక్కన ఎత్తు పీట ఎక్కి కూర్చున్నాడు. యాభై దాటిన ఒక ఆవిడ, జుట్టులో గుచ్చుకున్న పెన్సిల్ తీస్తూ ఆర్డరు రాసుకోడానికి వచ్చింది. పేరు మిగ్దాలియా.

"ఏం తెమ్మంటారు నాన్నగారూ?"

"పాలెక్కువ పోసి కాఫీ. వెన్న రాసి అదిమి కాల్చిన రొట్టె. మాడనివ్వకు తల్లీ."

ఆవిడ పెన్సిల్ ఆగిపోయింది. కళ్లు చిట్లించి ఆయన్ని చూసింది.

"ఏదీ, 'తల్లీ, ఇవాళ ఎన్ని?' అనండి."

"ఎందుకూ?"

"అనండి ముందు!"

"తల్లీ, ఇవాళ ఎన్ని?"

"అమ్మ బాబోయ్, ఎవేలియో!" అని ఆవిడ పెట్టిన కేకకి హోటలంతా ఇటు తిరిగింది.

పద్దెనిమిదేళ్లుగా తెల్లారకముందే బట్టీకి ఫోన్ చేసి ఈ హోటల్‌కి రొట్టెలు చెప్పేది ఆవిడే. ఆ రెండు నిమిషాల్లోనే ఆవిడ కూతురి ఆటలమ్మ, ఆయన మోకాలు, వాన, అన్నీ మాట్లాడుకునేవారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

"ఆ గొంతుకి ఆరడుగుల బండ మనిషివి అనుకున్నానయ్యా! ఇంత పుల్లలా ఉన్నావేంటి?"

"నువ్వు అరిచే అరుపులకి నేనూ నువ్వు పళ్లూడిన ముసలమ్మవి అనుకున్నాలే."

పక్క పీటలవాళ్లు పగలబడి నవ్వారు. మిగ్దాలియా కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయి, రొట్టె తనే కాల్చి తెచ్చింది.

ఎవేలియో వెంటనే తినలేదు. ముక్క తిప్పి చూశాడు. కాల్చేముందు పైన తాటాకు పీలిక అద్దితే పడే గాటు తిన్నగా ఉంది. చెవి దగ్గర పెట్టుకుని అడుగున గోటితో తట్టాడు. కాఫీలో ముంచి కొరికాడు. పెంకు మెత్తబడలేదు, లోపల దూదిలా ఉంది. రెండో ముక్క కూడా తిన్నాడు. అందరూ ఆయన నోటికేసే చూస్తున్నారు.

"యమిలే ఉప్పు నాకంటే ఒక చిటికెడు ఎక్కువేసింది," అన్నాడు చివరికి.

"బాలేదా?"

ఆయనకి కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజం. కానీ అబద్ధమాడే మనిషి కాదు.

"బాగుంది. నాదానికంటే బాగుంది."

మిగ్దాలియా ఊరుకుంటుందా? అక్కడికక్కడే బట్టీకి ఫోన్ కలిపి ఆయన చేతిలో పెట్టింది.

"యమిలే, నేనే. ఉప్పు ఎక్కువేస్తున్నావు."

"తగ్గించమంటారా గురువుగారూ?"

"తగ్గించావంటే కర్ర పట్టుకుని వస్తా. అలాగే ఉంచు."

ఫోన్ తిరిగిచ్చేసి, కుంటికాలు బారచాపుకుని, రెండు గుడ్లూ ఇంకో రొట్టే తెమ్మన్నాడు. కిటికీ దగ్గర జనం కాఫీలు గుటకేసి పనులకి పరుగెత్తుతున్నారు. ఎవేలియో రొట్టెని చిన్న చిన్న ముక్కలుగా తుంచుకుని, ఒక్కోటీ తీరిగ్గా ముంచుకుంటూ, మిగ్దాలియా కూతురి పెళ్లి కబుర్లు మొదట్నుంచీ చెప్పించుకున్నాడు.