రజితకు నేను పెట్టిన టిక్కులు

ఎనిమిదేళ్ల నుంచి ఒక కాగితం బరువు మోస్తున్నాను. నాలుగు టిక్కులు పెట్టిన కాగితం. బొగ్గు తట్ట నెత్తికెత్తుకున్న మనిషి దాన్ని ఒక్కతే దించుకోలేదు. ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. అందుకే మీకు చెబుతున్నాను.

నా పేరు రాయను. గోదావరిఖనిలో ఒక గని ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైనదాన్ని. మా ఆయన గనిలో చనిపోతే ఆయన బదులు ఇచ్చిన నౌకరి అది. వేలిముద్ర వేసి చేరాను. నలభై ఐదు దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దాను. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

రజిత మా కాలనీ పిల్ల. రెండు లైన్ల అవతల వాళ్ల క్వార్టరు. డిగ్రీలో సైకాలజీ చదివేది. చివరి ఏడు వాళ్లకొక పని పెట్టారు. ఒక్కొక్కరు ఒక పెద్ద మనిషి దగ్గరికి మూడు ఆదివారాలు వెళ్లి, వాళ్ల బతుకు విని, రికార్డు రాయాలి. ఆ తర్వాత, ఈ పిల్లకు వినడం వచ్చిందా లేదా అని కాలేజీ ఆ పెద్ద మనిషినే అడుగుతుంది. రజిత నన్ను ఎంచుకుంది.

"పిచ్చోళ్ల సదువా బిడ్డా నీది? నాకైతే ఇంక పిచ్చి లెవ్వలే" అన్నాను మొదటి రోజు.

"లేస్తే జెర ముందుగాల చెప్పవ్వా, దూరం జరిగి కూసుంట" అంది.

అక్కడే పిల్ల నాకు నచ్చింది.

మూడో ఆదివారం తను ఏమీ అడగలేదు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే తనూ తీసింది. మనం మాట ఆపితే ఎదుటి మనిషి ఏదో ఒకటి అనేస్తుంది, అవునా? ఈ పిల్ల అనలేదు. ఊరికే ఉంది. ఆ ఊరుకోవడంలో నా నోట్లోంచి అది బయటికొచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పని మాట.

మా ఆయన పోయిన రోజు ఆయనకు జ్వరం. దుప్పటి తియ్యలేదు. ఆ ఏడు ఆయన మస్టర్లు, అంటే హాజరీలు, తక్కువ పడ్డాయి. అవి నిండకపోతే నౌకరి పోతుంది. "ఇంట్ల పంటె మస్టర్లు ఎవడేస్తడు? లేచి పో!" అని దుప్పటి గుంజాను. లేచాడు. మొదటి షిఫ్టుకు పోయాడు. ఆ షిఫ్టులోనే పైకప్పు కూలింది.

చెప్పాను. ఏడ్చాను. రజిత పెన్ను కింద పెట్టేసింది. నీళ్లిచ్చింది. పోతూ నా చెయ్యి పట్టుకుంది.

తను గేటు దాటగానే భయం పట్టుకుంది. నా కొడుక్కు ఈ సంగతి తెలియదు. వాడూ గనిలోనే చేస్తాడు. "మా నాయన జరంల గూడ డ్యూటీ ఇడువలే" అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను లేచి లోపలికి పోతాను. వాడికి తండ్రి గురించి మిగిలింది ఆ ఒక్క గొప్పే. అది నా అరుపని తెలిస్తే?

వారానికి వాళ్ల మేడం వచ్చింది. కాగితం ఇచ్చి, "నిజం రాయండమ్మా. పరీక్ష బట్టీ పట్టి ఎవరైనా రాస్తారు. వినడం వచ్చిందో లేదో చెప్పుకున్నవాళ్లకే తెలుస్తుంది" అంది. బయట బెంచీ మీద కూర్చుంది. కాగితంలో నాలుగు ప్రశ్నలు. శ్రద్ధగా విన్నదా? తొందరపెట్టకుండా ఉన్నదా? గౌరవంగా మాట్లాడిందా? మీ మాట దాస్తుందని నమ్మకం కలిగిందా? ఒక్కోదాని ముందు అవును, కాదు.

ఇప్పుడు నా తెలివి వినండి. మా ఆఫీసులో మంజూరైన కాగితం ఊరుకోదు. టేబులు టేబులు తిరుగుతుంది. చాయ్ తాగుతూ అందరూ చదువుతారు, నవ్వుకుంటారు, సంతకం పెడతారు. నామంజూరైంది మాత్రం ఎవరూ చూడరు. కట్ట కట్టి అల్మారాలో పడేస్తారు. చెదలు తింటాయి. అలాంటి కట్టలు ఏళ్ల తరబడి నేనే కట్టాను. రజిత పాసైతే ఆ రికార్డు కూడా టేబుళ్లు తిరుగుతుందనుకున్నాను. ఆ టేబుళ్ల మీద మా కాలనీ మనిషి ఒక్కడైనా ఉండడా? తప్పితే కట్టలోకి పోతుంది. నా మాట కూడా దానితోనే పోతుంది.

నాలుగింటికీ 'కాదు' దగ్గర టిక్కు పెట్టాను. చెయ్యి వణకలేదు. అదే ఇప్పటికీ నన్ను తినేది.

ఆ మాట రాయకు బిడ్డా అని పిల్లనే అడగొచ్చు కదా? ఎన్నిసార్లు అనుకున్నానో. అడిగితే భయపడ్డానని తనకు తెలుస్తుంది. ఆ చిన్నతనం పడలేక ఒక పిల్ల చదువు మీద కాలు పెట్టాను.

రజిత ఆ ప్రాక్టికల్ తప్పింది. ఒకరోజు మధ్యాహ్నం ఇంటికొచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"అవ్వా, నేనేం తప్పు చేసిన?"

"నాకేం ఎర్క బిడ్డా. అడిగిండ్రు, రాసిన."

"జల్ది చేసిన్నా? నిన్ను పరేషాన్ చేసిన్నా?"

"ఏమో."

"గట్లనకవ్వా. ఏం తప్పో చెప్పు, నేర్సుకుంట."

నేర్చుకుంటానంది. తిట్టినా బాగుండేది. సంచిలోంచి రికార్డు తీసి నా చేతిలో పెట్టింది. "సదువు. నీకు సదువొస్తది గద."

మూడో ఆదివారం పేజీ తీశాను. అక్షరం అక్షరం పట్టుకుని చదివాను. 'అవ్వ ఈరోజు ఒక మాట చెప్పింది. అది ఆమె సొంతం. ఇక్కడ రాయడం లేదు.' అంతే. మిగతా పేజీ ఖాళీ.

నేను ఏమన్నానో తెలుసా? "మంచిగనే రాసినవ్. పో బిడ్డా, పొయ్యి మీద కూరున్నది" అన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు. అప్పుడే లేచి కాలేజీకి పోయి నిజం చెబితే దిద్దేవాళ్లేమో. ఎందుకు అబద్ధం రాశావని అడుగుతారు, అడిగితే మా ఆయన సంగతి చెప్పాలి. పోలేదు.

మరుసటి ఏడు ఇంకో ముసలాయన దగ్గరికి వెళ్లి తను ఆ ప్రాక్టికల్ గట్టెక్కింది. పైచదువుకు మాత్రం పోలేదు. ఇప్పుడు బట్టల దుకాణంలో కౌంటరు మీద ఉంటుంది. మొన్న వాళ్లమ్మ సంతలో కలిస్తే అడిగాను, పిల్ల ఇంక ఎందుకు చదవలేదని. "నాకు మనుషుల మాట ఇనుడు రాదంటదక్కా. ఎవ్వలన్నరో, ఎందుకన్నరో" అంది. కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చాను. పరీక్ష తప్పితే మళ్లీ రాయొచ్చు. నాకు రాదు అని నమ్మిన పిల్ల ఏం రాస్తుంది? ఆ నమ్మకం నేను పెట్టింది.

గత నెల కాలేజీకి పోయాను. ఆ మేడం బదిలీ అయిపోయింది. కొత్త ఆవిడ నా మాట ఓపిగ్గానే విన్నది. పాత మార్కులు ఇప్పుడు మారవంది. నాకు కోపం రాలేదు. ఎనిమిదేళ్లు ఆలస్యం చేసింది ఆమె కాదు.

రజిత చాలా బాగా విన్నది. మా అమ్మ కూడా నన్ను అలా వినలేదు. తనకు వినడం రాదని రాసినదాన్ని నేను, అది అబద్ధం.

ఇది రెండు ప్రతులు రాశాను. ఒకటి దుకాణంలో రజిత చేతికిచ్చి వచ్చేస్తాను. క్షమించమని అడగను. అడిగితే ఆ భారం కూడా తన మీదే పడుతుంది. రెండోది మీకు, మీ పత్రికలో వేయడానికి. పోస్టులో వెయ్యమని నా కొడుక్కిస్తాను. కవరు అంటించడం లేదు.